ఫోను చేతిలో ఉంది, మనసు ఎక్కడ ఉంది?



సాయంత్రం ఆరు గంటలకు అమీర్‌పేట మెట్రో స్టేషన్ దగ్గర ఒక ఐదు నిమిషాలు నిలబడి చూడండి. ఇక్కడ రెండు మెట్రో దారులు కలుస్తాయి. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ పోయేది ఒకటి. నాగోలు నుంచి రాయదుర్గం పోయేది ఇంకొకటి. 2017 నవంబరులో ఇక్కడికి మెట్రో రైలు వచ్చింది. కంప్యూటర్ కోర్సులు నేర్చుకునే పిల్లలు, హాస్టళ్లలో పనిచేసే ఆడవాళ్లు, బట్టల షాపుల్లో నిలబడి అమ్మే అమ్మాయిలు, పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రికి వచ్చిపోయే రోగుల బంధువులు, అందరూ ఇక్కడ కనిపిస్తారు.

వాళ్ల చేతుల వైపు చూడండి. దాదాపు ప్రతి చేతిలో ఫోను ఉంటుంది. మెట్లు ఎక్కుతూ ఫోను చూస్తారు. రైలు కోసం నిలబడి ఫోను చూస్తారు. రైల్లో కూర్చుని ఫోను చూస్తారు. పక్కన ఎవరు కూర్చున్నారో చాలామంది చూడనే చూడరు.

మన సంగతి కూడా అంతే. మన రాత్రి తరగతికి వచ్చే అక్కల్లో చాలామందికి ఇప్పుడు ఫోను ఉంది. అక్షరాలు నేర్చుకున్నాక ఫోనులో వచ్చిన పేరు చదవగలుగుతున్నారు. మెసేజి చదవగలుగుతున్నారు. ఎంతో సంతోషించవలసిన విషయం ఇది.

కాని అదే ఫోను వల్ల కొందరికి మనసు బాగుండటం లేదు. ఎందుకని? ఆ సంగతి ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఒక అక్క సంగతి

మన తరగతిలో ఒక అక్క ఉంది. పేరు ఎందుకు? మనలో ఒకరు అనుకోండి. అమీర్‌పేటలో ఒక హాస్టల్లో వంట చేస్తుంది. తెల్లవారి నాలుగున్నరకే లేవాలి. ఎనిమిది గంటలకల్లా పిల్లలకు టిఫిన్ కావాలి. అక్కకు ఒక కొడుకు, ఒక బిడ్డ. కొడుకు కొత్త ఫోను కొనుక్కుని పాత ఫోను తల్లికి ఇచ్చాడు.

ఒకరోజు బిడ్డ కాలేజీ నుంచి మెసేజి పెట్టింది. "అమ్మా, అన్నం తిన్నవా?" అని రాసింది. అక్క ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివింది. ఎవరినీ అడగలేదు. ఆ రోజు తరగతికి వచ్చి అందరికీ ఆ మెసేజి చూపించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

కొన్ని నెలలు గడిచాయి. అక్క తరగతిలో నిద్రపోతూ కనిపించింది. రెండుసార్లు రానేలేదు. "ఏమైందక్కా?" అని అడిగితే ఇలా చెప్పింది.

"ఏం లేదు టీచరమ్మా. రాత్రి పడుకున్నంక ఫోన్ల స్టేటస్‌లు చూస్త. మా వదిన కొత్త ఇల్లు కట్టుకున్నది. పట్టుచీర కట్టుకుని ఫోటో పెట్టింది. మా చిన్నమ్మ బిడ్డ తిరుపతి పోయింది. పక్కింటామె కొత్త బండి కొన్నది. చూసుకుంట చూసుకుంట ఒంటి గంట అయితది. తెల్లారి లేవబుద్ధి కాదు. అందరు మంచిగున్నరు టీచరమ్మా. నేనే ఇట్లున్న."

"అందరు మంచిగున్నరు. నేనే ఇట్లున్న." ఈ మాట గుర్తుపెట్టుకోండి. మన పాఠం అంతా ఈ మాట గురించే.

సోషల్ మీడియా అంటే ఏమిటి?

పూర్వం దూరాన ఉన్నవాళ్ల సంగతి తెలియాలంటే ఉత్తరం రావాలి. తరువాత ఎస్టీడీ బూతులు వచ్చాయి. 1995 ఆగస్టు 15న మన దేశంలో ప్రజలందరికీ ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చింది. అప్పట్లో అది కంప్యూటర్ ఉన్నవాళ్లకే.

తరువాత ఒకటొకటిగా కొత్తవి వచ్చాయి. ఫేస్‌బుక్ 2004లో మొదలైంది. యూట్యూబ్ 2005లో, వాట్సాప్ 2009లో, ఇన్‌స్టాగ్రామ్ 2010లో వచ్చాయి. వీటిలో మనం మాట, ఫోటో, వీడియో పెట్టవచ్చు. ఇతరులు పెట్టినవి చూడవచ్చు. వీటినే సోషల్ మీడియా అంటారు. పత్రికల వాళ్లు సామాజిక మాధ్యమాలు అని రాస్తారు.

2016 సెప్టెంబరులో జియో వచ్చాక ఇంటర్నెట్ ధర బాగా తగ్గింది. అప్పటి నుంచి కూలి పని చేసుకునే వాళ్ల చేతికి కూడా ఇవన్నీ అందాయి.

ఇంత పెద్ద ఏర్పాటుకు మనం పైసా కట్టడం లేదు. రీచార్జి డబ్బులు ఫోను కంపెనీకి పోతాయి. మరి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ వాళ్లకు డబ్బు ఎక్కడిది?

ప్రకటనల నుంచి. రెండు మూడు వీడియోలు చూడగానే సబ్బు గురించో, చీరల గురించో ఒక ప్రకటన వస్తుంది. ఆ ప్రకటన ఇచ్చినవాళ్లు డబ్బు కడతారు. మనం ఎంత ఎక్కువసేపు చూస్తే అన్ని ప్రకటనలు చూపించవచ్చు. అంత ఆదాయం వస్తుంది. అంటే అక్కడ అమ్ముడుపోతున్నది మన సమయమే.

ఎందుకు ఆపలేకపోతున్నాం?

"ఐదు నిమిషాలు చూద్దామని తీస్త. గంట అయిపోతది" అని చాలామంది అక్కలు అంటారు. మనకు బుద్ధి లేక ఇలా జరుగుతోందా? ఆపలేకపోయేటట్టు దాన్ని తయారు చేశారు. ఎలాగో చూద్దాం.

మొదటిది. బట్టల షాపులో సేల్స్ అమ్మాయి చీర మీద చీర పరుస్తూనే ఉంటుంది. మన చెయ్యి ఏ చీర దగ్గర ఆగిందో గమనిస్తుంది. మళ్లీ అలాంటివే తీస్తుంది. ఫోను కూడా అదే చేస్తుంది. మనం ఏ వీడియో దగ్గర ఆగామో, ఎంతసేపు చూశామో కంప్యూటర్ లెక్క పెడుతుంది. మళ్లీ అలాంటివే ముందుకు తెస్తుంది. ఏడుపు వీడియో చూస్తే ఏడుపు వీడియోలు. కొట్లాట వీడియో చూస్తే కొట్లాటలు.

రెండవది. పుస్తకానికి చివరి పేజీ ఉంటుంది. సినిమాకు శుభం కార్డు పడుతుంది. రీల్స్‌కు ముగింపు లేదు. వేలితో పైకి తోస్తే ఇంకొకటి వస్తుంది. ఇలా ఎంత తోసినా అయిపోని పద్ధతిని 2006లో ఆజా రాస్కిన్ అనే అమెరికా నిపుణుడు తయారు చేశాడు. తరువాత ఆయనే తాను చేసిన పనికి బాధపడుతున్నానని బయటికి చెప్పాడు.

మూడవది లైక్. ఫేస్‌బుక్‌లో లైక్ గుర్తు 2009లో వచ్చింది. మన ఫోటో నచ్చినవాళ్లు ఆ గుర్తు నొక్కుతారు. ఎంతమంది నొక్కారో లెక్క కనిపిస్తుంది. పది మంది నొక్కితే సంతోషం. ఇద్దరే నొక్కితే దిగులు. మళ్లీ మళ్లీ ఫోను తీసి లెక్క చూడాలనిపిస్తుంది. వాట్సాప్ స్టేటస్‌లో కూడా ఎవరెవరు చూశారో కనిపిస్తుంది. "ఆమె చూసింది, ఒక్క మాట కూడా అనలేదు" అని మనసులో పెట్టుకుంటాం.

మనసుకు ఏం జరుగుతుంది?

మన అక్క మాటే తీసుకుందాం. ఆమె తన జీవితం మొత్తాన్ని ఇతరుల ఫోటోలతో పోల్చుకుంది.

తన ఇంట్లో అన్నీ ఆమెకు తెలుసు. అద్దె బాకీ తెలుసు. నడుము నొప్పి తెలుసు. బిడ్డ ఫీజు తెలుసు. వదిన ఇంట్లో ఆమెకు తెలిసింది ఒక్క ఫోటో. పండుగ రోజు, పట్టుచీర కట్టుకుని, నవ్వుతూ తీయించుకున్న ఫోటో. అంట్లు తోముతున్నప్పుడు, అప్పులవాళ్లు వచ్చినప్పుడు ఎవరూ ఫోటో పెట్టరు కదా! అందుకే ఫోను చూసినకొద్దీ లోకమంతా పండుగ చేసుకుంటున్నట్టు, మన ఇంట్లోనే చీకటి ఉన్నట్టు అనిపిస్తుంది.

రెండో నష్టం నిద్ర. పగలంతా పనిచేసిన శరీరానికి ఏడెనిమిది గంటల నిద్ర కావాలి. నిద్ర తక్కువైతే చిన్న మాటకే కోపం వస్తుంది. ఏడుపు వస్తుంది. పని మీద ధ్యాస ఉండదు. అక్క ఒకరోజు పొయ్యి మీద పప్పు మాడ్చింది. హాస్టల్లో మాట పడింది. ఆ కోపం ఇంటికి వచ్చి బిడ్డ మీద చూపించింది.

మూడో నష్టం మాట తగ్గడం. తల్లి ఒక ఫోను, బిడ్డ ఒక ఫోను, భర్త ఒక ఫోను. ఒకే గదిలో ఉంటారు. ఎవరి లోకం వాళ్లది. "అమ్మా, ఒక మాట చెప్పాలె" అని బిడ్డ వస్తుంది. తల్లి "ఊఁ" అంటుంది. కళ్లు ఫోనులోనే ఉంటాయి. బిడ్డ వెనక్కి తిరిగి పోతుంది. ఆ మాట ఏమిటో తల్లికి ఎప్పటికీ తెలియకపోవచ్చు.

పరిశోధకులు ఏం చెప్పారు?

2018లో అమెరికాలో కొందరు పరిశోధకులు ఒక పరీక్ష చేశారు. ఫేస్‌బుక్ వాడే సుమారు 2,700 మందితో మొదలుపెట్టారు. వాళ్లలో కొందరికి డబ్బు ఇచ్చి 4 వారాలు ఫేస్‌బుక్ మూసి ఉంచమన్నారు. మిగతావాళ్లు మామూలుగా వాడుకున్నారు. తరువాత రెండు గుంపులనూ పోల్చి చూశారు. ఆ ఫలితాలు 2020లో అచ్చయ్యాయి.

మూసి ఉంచినవాళ్లకు రోజుకు సుమారు ఒక గంట మిగిలింది. ఇంట్లోవాళ్లతో, స్నేహితులతో గడిపే సమయం పెరిగింది. వాళ్ల మనసు కొంచెం బాగుపడింది. ఎక్కువ కాదు, కొంచెమే. ఇంకొక సంగతి కూడా తెలిసింది. వాళ్లకు దేశంలో జరిగే వార్తలు తక్కువగా తెలిశాయి. అంటే లాభం ఉంది, నష్టమూ ఉంది.

అమెరికాలోనే హార్వర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 1938లో ఇంకో పరిశోధన మొదలుపెట్టారు. కొంతమంది మనుషుల జీవితాలను ఏళ్ల తరబడి, ముసలితనం దాకా గమనిస్తూ వచ్చారు. మనిషి సుఖంగా, ఆరోగ్యంగా బతకడానికి డబ్బు కన్నా, పేరు కన్నా దగ్గరివాళ్లతో మంచి సంబంధాలు ఎక్కువ సాయపడతాయని వాళ్లు తెలుసుకున్నారు. ఈ సంగతి మన పెద్దలకు ఎప్పటి నుంచో తెలిసిందే.

ఫోనులో మంచి లేదా?

ఎందుకు లేదు? చాలా ఉంది.

దుబాయిలో పనిచేసే భర్త ముఖం భార్య ఫోనులో చూస్తుంది. నిమ్స్‌లో ఉన్న రోగి సంగతి ఊళ్లో ఉన్న తల్లికి ఆ క్షణమే తెలుస్తుంది. 2020లో కరోనా లాక్‌డౌన్ వచ్చినప్పుడు పిల్లల పాఠాలు ఫోనులోనే జరిగాయి. మన తరగతిలో ఒక చెల్లెలు యూట్యూబ్ చూసి జాకెట్టు కత్తిరించడం నేర్చుకుంది. ఇప్పుడు పక్కిళ్లవాళ్ల జాకెట్లు కుడుతోంది.

ఈ పనులన్నింటిలో ఒక పోలిక ఉంది. మనకు పని ఉండి ఫోను తీశాం. పని అయ్యాక పక్కన పెట్టాం. మన మనిషితో మాట్లాడాం, లేదా ఒక విద్య నేర్చుకున్నాం. ఏ పనీ లేకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా, ఇతరుల జీవితాలు చూస్తూ రాత్రి గడపడం వేరు.

భయపెట్టే మెసేజీలు

మనసు పాడుచేసేది పోలిక ఒక్కటే కాదు. భయం కూడా.

2018 మే నెలలో తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ వాట్సాప్‌లో ఒక పుకారు పాకింది. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని మెసేజీలు, వీడియోలు వచ్చాయి. తల్లులు పిల్లలను బయటికి పంపలేదు. రాత్రిళ్లు నిద్రలేదు. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లను జనం అనుమానించి కొట్టారు. ఏ పాపమూ తెలియని మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

అప్పుడు జోగులాంబ గద్వాల జిల్లాలో ఎస్పీగా రెమా రాజేశ్వరి ఉన్నారు. ఆమె పోలీసులను ఊరూరికీ పంపారు. డప్పు కొట్టి, పాటలు పాడి జనానికి చెప్పించారు. అబద్ధపు మెసేజీలు నమ్మవద్దని, ఇతరులకు పంపవద్దని చెప్పారు. ఫోనులో వచ్చిన భయాన్ని ఎదురుగా నిలబడి మాట్లాడి పోగొట్టారు.

అదే ఏడాది జులైలో వాట్సాప్ కంపెనీ మన దేశంలో ఒక కట్టుబాటు పెట్టింది. వచ్చిన మెసేజిని ఒకసారికి ఐదు చోట్లకు మించి పంపడానికి వీలు లేకుండా చేసింది. మెసేజి పైన రెండు బాణం గుర్తులు ఉంటే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. అలాంటిది కనిపిస్తే ఆగండి. ఇది ఎవరు చెప్పారు? ఎక్కడ జరిగింది? ఏ తేదీన జరిగింది? ఈ మూడు ప్రశ్నలకు జవాబు లేకపోతే ఇంకొకరికి పంపకండి.

ఆడవాళ్లను ఫోనులో బెదిరించేవాళ్లు కూడా ఉన్నారు. స్నేహం చేసి ఫోటోలు అడుగుతారు. తరువాత అందరికీ పంపుతామని డబ్బు అడుగుతారు. ఇలాంటివి జరిగితే చాలామంది ఎవరికీ చెప్పకుండా లోలోపల కుమిలిపోతారు. అక్కలారా, తప్పు చేసింది వాడు. సిగ్గుపడవలసింది వాడు. డబ్బు పంపకండి. మెసేజీలు చెరపకండి. అవి సాక్ష్యం. నమ్మకమైన మనిషికి వెంటనే చెప్పండి. డబ్బు పోతే 1930 నంబరుకు ఫోను చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపడానికి అంత అవకాశం ఉంటుంది. ఆడవాళ్లను వేధించేవాళ్లను పట్టుకోవడానికి హైదరాబాద్‌లో 2014 అక్టోబరులో షీ టీమ్స్ ఏర్పడ్డాయి. వాళ్లకు చెప్పవచ్చు.

వదిన ఇంటికి వెళ్లినప్పుడు

మళ్లీ మన అక్క దగ్గరికి వద్దాం.

బతుకమ్మ పండుగకు అక్క పుట్టింటికి పోయింది. వదిన కొత్త ఇల్లు చూసింది. ఫోటోలో చూసిన ఇల్లే. కాని ఫోటోలో కనిపించనివి కొన్ని అక్కడ ఉన్నాయి. వెనక గదికి తలుపులు పెట్టలేదు. డబ్బులు అయిపోయాయి. అప్పు కోసం వదిన మెడలో గొలుసు కుదువకు పోయింది. ఫోటోలో మెడలో ఉన్నది గిల్టు గొలుసు.

రాత్రి ఇద్దరూ పక్కపక్కన పడుకుని మాట్లాడుకున్నారు. వదిన అన్నది, "నీకేందమ్మా, పట్నంల ఉన్నవ్. బిడ్డతోటి మెట్రో కాడ నవ్వుకుంట ఫోటో పెట్టినవ్. అది చూసిన రోజు నేను అన్నం తినలే. ఈమె ఎంత మంచిగున్నది, నా బతుకు ఈ అప్పులల్లనే పాయె అనుకున్న."

అక్క ఆశ్చర్యపోయింది. ఆ ఫోటో ఏ రోజుదో ఆమెకు గుర్తుంది. బిడ్డకు తల తిరుగుతోందని నిమ్స్‌లో చూపించి వస్తున్న రోజు అది. రక్తం తక్కువ ఉందన్నారు. మందులు రాశారు. భయపడింది కదా అని బిడ్డను నవ్వించడానికి పంజాగుట్టలో మెట్రో ఎక్కించింది. అమీర్‌పేటలో దిగి ఫోటో తీసుకున్నారు. ఆసుపత్రి చీటీ అక్క చేతి సంచిలోనే ఉంది. ఫోటోలో సంచి కనిపిస్తుంది. చీటీ కనిపించదు.

ఒకరి ఫోటో చూసి ఒకరు ఏడ్చారు. ఇద్దరి కష్టం ఇద్దరికీ తెలియలేదు. ఆ రాత్రి మాట్లాడుకున్నాక ఇద్దరి మనసూ తేలికపడింది. అప్పు తీరలేదు. కాని ఒంటరితనం తీరింది.

దూబగుంటను గుర్తు చేసుకుందాం

చదువు నేర్చుకున్న ఆడవాళ్లు నలుగురు ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటే ఏమవుతుంది? నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు చూపించారు.

1990 తరువాత ఆ జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం జరిగింది. రాత్రి తరగతుల్లో మనలాంటి అక్కలే చదువుకున్నారు. తాగుడు వల్ల ఇల్లు ఎలా పాడవుతుందో ఒక పాఠంలో చదివారు. అది తమ కథే అనుకున్నారు. అంతవరకు ప్రతి ఆడమనిషీ "నా ఇంట్లోనే ఈ కష్టం" అనుకుంది. తరగతిలో కూర్చుని మాట్లాడుకున్నాక అందరి ఇళ్లలోనూ అదే కష్టం ఉందని తెలిసింది. 1992లో ఒక్కటై సారాను ఊరి నుంచి తరిమారు. ఆ పోరాటం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించింది.

వాళ్ల చేతిలో ఫోను లేదు. పుస్తకం ఉంది. ఆ పుస్తకం వాళ్లను ఒకరి దగ్గరికి ఒకరిని తెచ్చింది. మన ఫోను కూడా మనల్ని ఒకచోటికి చేర్చాలి. అలా వాడుకోవడం మన చేతిలో ఉంది.

మనం ఏం చేయవచ్చు?

1. పడుకునే చోట ఫోను పెట్టుకోకండి. దూరంగా, లేచి పోవలసిన చోట పెట్టండి. అలారం అక్కడి నుంచి కూడా వినిపిస్తుంది.

2. ఎంతసేపు చూస్తున్నారో లెక్క చూడండి. చాలా ఫోన్లలో సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ అని ఉంటుంది. దేనిని ఎన్ని నిమిషాలు చూశారో అందులో కనిపిస్తుంది. మీ పిల్లలను అడిగి ఒకసారి తెరిపించండి. అంకెలు మీరే చదవండి.

3. అవసరం లేని గ్రూపుల చప్పుడు ఆపండి. చూసిన ప్రతిసారీ మనసు చెడగొట్టే స్టేటస్ ఉంటే దానిని కనిపించకుండా మ్యూట్ చేయవచ్చు. అవతలివాళ్లకు ఆ సంగతి తెలియదు. గొడవ ఉండదు.

4. ఎవరి ఫోటో చూసి దిగులు పడ్డారో వాళ్లకు ఫోను చేయండి. "ఎట్లున్నవ్?" అని అడగండి. వీలైతే పోయి కలవండి.

5. అన్నం తినేటప్పుడు ఇంట్లో అందరి ఫోన్లూ ఒక పక్కన పెట్టండి. ముందు మీ ఫోను పెట్టండి. పిల్లలు మనం చెప్పేది కన్నా చేసేది చూసి నేర్చుకుంటారు. ఆస్ట్రేలియాలో 16 ఏళ్ల లోపు పిల్లలకు ఇలాంటి ఖాతాలు ఉండకూడదని 2024లో చట్టం చేశారు. అది 2025 డిసెంబరు 10 నుంచి అమలులోకి వచ్చింది. దేశాలే ఆలోచిస్తున్నప్పుడు మన ఇంట్లో మనం ఆలోచించవద్దా?

6. మాట రికార్డు చేసి పంపే బదులు రోజుకు ఒక్క మెసేజి అయినా రాసి పంపండి. తప్పులు వచ్చినా సరే. నేర్చుకున్న అక్షరం వాడకపోతే మరిచిపోతాం.

దిగులు తగ్గకపోతే?

ఫోను తగ్గించినా కొందరికి దిగులు తగ్గదు. రెండు వారాలైనా ఏ పనీ చేయబుద్ధి కాదు. నిద్ర పట్టదు. ఆకలి ఉండదు. బతకాలని అనిపించదు. ఇది సోమరితనం కాదు. జ్వరం లాగా ఇది కూడా ఒక జబ్బే. దీనికి వైద్యం ఉంది.

14416 నంబరుకు ఫోను చేయండి. దీనిని టెలి మానస్ అంటారు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది. పగలూ రాత్రీ పనిచేస్తుంది. డబ్బు కట్టనక్కరలేదు. తెలుగులో మాట్లాడవచ్చు.

అమీర్‌పేట నుంచి మియాపూర్ వైపు మూడో స్టేషన్ ఎర్రగడ్డ. అక్కడ మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. "ఎర్రగడ్డకు పంపాలె" అని మన ఊళ్లో ఎగతాళి చేస్తారు. ఆ ఎగతాళికి భయపడి ఎంతోమంది వైద్యం లేకుండా ఉండిపోతున్నారు. కాలు విరిగితే నిమ్స్‌కు పోతాం. మనసుకు దెబ్బ తగిలితే ఎర్రగడ్డకు పోవడంలో తప్పేముంది?

ఇప్పుడు అక్క ఎలా ఉంది?

అక్క ఫోను ఇప్పుడు రాత్రి పది గంటలకు బియ్యం డబ్బా మీదికి పోతుంది. స్టేటస్ చూడటం పూర్తిగా మానలేదు. ఆదివారం చూస్తుంది. వదినకు మాత్రం వారానికి రెండుసార్లు ఫోను చేస్తుంది. బిడ్డ మందులు వాడుతోంది. "ఒక మాట చెప్పాలె" అని వస్తే అక్క ఫోను బోర్లా పెట్టి "చెప్పు బిడ్డా" అంటుంది.

మొన్న అక్క వదినకు ఒక మెసేజి రాసింది. తానే రాసింది. నాలుగు తప్పులు ఉన్నాయి. "వదినా ఈ నెల ఎంత కట్టినవు ఇంక ఎంత ఉంది" అని రాసింది. వదినకు చదవడం రాదు. కొడుకుతో చదివించుకుంది. ఇప్పుడు తనకూ అక్షరాలు నేర్చుకోవాలని ఉందట.

ఆలోచించండి, మాట్లాడుకోండి

నిన్న రాత్రి మీరు ఫోను ఎంతసేపు చూశారు? చూశాక మనసు ఎలా ఉంది?

ఎవరి ఫోటో చూసి మీరు దిగులు పడ్డారు? వాళ్ల ఇంటికి పోయి ఎన్నాళ్లయింది?

మీ ఫోటోలో కనిపించని కష్టం ఏమిటి? దానిని ఎవరికి చెప్పుకోగలరు?

రాయండి

మీరు చాలాకాలంగా మాట్లాడని ఒక మనిషికి నాలుగు వాక్యాల మెసేజి రాయండి. ముందు నోటుబుక్కులో రాసుకోండి. తరువాత ఫోనులో రాసి పంపండి. జవాబు వస్తే వచ్చే తరగతిలో అందరికీ చదివి వినిపించండి.